శషసలకు మైత్రియే గాని అభేదము లేదు



ఛందస్సులో శ, ష, స లకు యతిమైత్రి ఉన్నదని ముప్పదేండ్లపాటు పిల్లలకు పాఠం చెప్పినవాడను. మైత్రి వేరు, అభేదం వేరు అనికూడా చెప్పినవాడను. ఆ భేదం మా ఇంటిలోనే, నా చేతులారా మాసిపోయింది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

1986 వేసవిలో మా గురువుగారు భారతపద్యాలు చదువుతుండగా టేపురికార్డరులో పట్టాను. గంట నిడివిగల క్యాసెట్లు నలుబది అయినవి. 2004లో ఒక దుకాణంవారు వాటినన్నింటిని ఒక్క సీడీలో ఇమిడ్చి ఇచ్చారు. సంబరపడి క్యాసెట్లను వదిలించుకొన్నాను. ఈ మధ్య మంచి ఆంప్లిఫయరు, స్పీకర్ల జత కొని విన్నాను గదా, గురువుగారి నోట సకారానికి, షకారానికి తేడా తెలియరాలేదు! అక్షరదోషాన్ని ఎన్నడూ సహింపని మనిషి ఆయన.

కారణం లెక్కలో ఉన్నది. సంగీతపు సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు చానళ్లు. వెరసి సెకనుకు 1,411 కిలోబిట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3 అందులో పదునొకండవ వంతు. నా ఫైళ్లు 32 కిలోబిట్లవి, నమూనాలు 11,025. నమూనాల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యం నిలువదు. అనగా 5,500 హెర్ట్జ్‌కు పైన అంతా శూన్యం. షకారపు బలం కొంత క్రిందనే ఉంటుంది, సకారపు బలం చాలవరకు ఆ గీతకు పైననే. పైది కోసివేస్తే ‘స’ మొద్దుబారి ‘ష’ వలె వినబడుతుంది.

పెద్ద ధ్వని ప్రక్కనున్న చిన్నధ్వని చెవికి ఆనదు గనుక దానిని వదలవచ్చునన్నది ఎంపీ3 సూత్రం. మన మిరపకల్లంలో తాలుకాయ ఏరివేయడం వంటిదే. 256 కిలోబిట్ల వద్ద చాలవరకు తాలే పోతుంది. సంచి మరీ చిన్నదైతే మేలుకాయను సైతం పారబోయక తప్పదు. ఈ పద్ధతికి రూపకల్పన చేసినవారిలో ఒకరైన బ్రాండెన్‌బర్గ్ సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన పాటతో దీనిని పరీక్షించుకొన్నాడు. వాద్యాల మాటు లేని ఒంటిగొంతులో లోపం దాగదు. మన పద్యమూ అట్టిదే.

ఇక ఇంటిలో చేయదగినవి. బాస్ పెంచే మీటలన్నీ ఆపండి. బ్లూటూత్‌లో ధ్వని సాధారణంగా మరొకమారు కుదింపబడుతుంది; తీగతో కలపండి. కంప్యూటరులో శబ్దస్థాయి నిండుగా ఉంచి, హెచ్చుతగ్గులు ఆంప్లిఫయరు వద్ద చూచుకొనండి. స్పీకర్లు మూలల నుండి జరిపి, కూర్చున్నవారి చెవి ఎత్తున ఉంచండి. నున్నని గోడల శ్లాబు గదిలో మాట మారుమ్రోగుతుంది. రెండు పత్తిబొంతలు వ్రేలాడదీస్తే ఖరీదైన తీగలకంటె ఎక్కువ మేలు చేస్తాయి.

చేయరానిది ఒకటి: 128 ఫైలును 320కి మార్చడం. ఎండుమిరపకాయను నీట నానవేస్తే ఉబ్బుతుంది గాని పండుమిరపకాయ కాదు. ఫ్లాక్ అన్నది వేరు; అది పత్తి బేలు వంటిది. నొక్కి కట్టినా, విప్పినప్పుడు పోగు పోకుండా దొరుకుతుంది.

పాత రికార్డుల్లో బుసే ఎక్కువ, వాటికి చిన్న ఫైలు చాలదా అని కొందరంటారు. నా మతం దీనికి విరుద్ధం. బుస కుదింపునకు లొంగదు. ఉన్న బిట్లను అదే మ్రింగి గొంతుకు తక్కువ మిగులుస్తుంది. మన సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్యగారి వంటి వారి పాత గ్రామఫోను పలకల్లో పై స్థాయులు అసలే తక్కువ. ఆ ఉన్న కొద్దినీ మనం మరల కత్తిరింపవచ్చునా?

అరువది దాటిన నీ చెవికి ఇవన్నీ ఆనునా అని మా అబ్బాయి పరిహాసమాడాడు. నిజమే, వయస్సుతో ముందుగా పోయేవి పై స్థాయులే. కాని భద్రపరచడం నా చెవి కొరకు కాదు, వాడి కూతురి చెవి కొరకు.

నలుబదింటిలో ఒక్క క్యాసెట్టుకు నకలు, ఒంగోలులోని సహాధ్యాయి ఇంట దొరికింది. టేపు డెక్కు తలను స్పిరిటుతో తుడిచి, దాని వాలును సకారం పదునుగా వినబడేవరకు సరిదిద్ది, 44,100 నమూనాలతో ఫ్లాక్‌గా ఎక్కించాను. అదే ఆంప్లిఫయరు, అవే స్పీకర్లు. ‘స’ సకారంగా, ‘ష’ షకారంగా పలికినవి. తక్కిన ముప్పదితొమ్మిది గంటలకు ఏ యంత్రమూ ఆ భాగ్యం కలిగింపలేదు.

కనుక నా విన్నపం ఒక్కటే. మీ ఇంట నాటకాల వారివో, హరిదాసులవో, అమ్మమ్మల మంగళహారతులవో క్యాసెట్లుంటే ముందు ఫ్లాక్‌లో ఎక్కించండి. ఎంపీ3 పంచుకొనడానికి మాత్రమే. ఎక్కించిన తరువాత కూడా క్యాసెట్టును పారవేయకండి.