ఆటల పీరియడ్‌ను ఉండనివ్వండి



"మేడమ్, ఆటల పీరియడ్ తగ్గించి ఇంకో మ్యాథ్స్ క్లాస్ పెట్టొచ్చు కదా?" పేరెంట్ టీచర్ మీటింగుల్లో తరచూ వినే మాట ఇది. ఫీజుల కోసం మీరు పడే కష్టం తెలుసు కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేను. జవాబు కోసం మన రాష్ట్రంలోని రెండు ప్రాణులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది దసలి పట్టు పురుగు. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో మద్ది చెట్ల మీద దీన్ని పెంచుతారు. గుడ్లు పగిలేనాటికి తల్లి సాధారణంగా బతికి ఉండదు. ఎవరూ నేర్పకపోయినా పురుగు ఆకులు తింటుంది, నాలుగుసార్లు చర్మం వదులుతుంది, గూడు అల్లుకుంటుంది. రెక్కలొచ్చాక దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే చివరిదాకా ఆధారం. గుడ్లు పెట్టి, వారం పది రోజుల్లో చనిపోతుంది.

రెండోది బోనెట్ మకాక్. పొడవైన తోక, నడినెత్తిన టోపీలాంటి జుట్టు ఉన్న మన దక్షిణాది కోతి. పుట్టినప్పుడు తల్లి పొట్టను కరుచుకోవడం తప్ప దానికి పెద్దగా ఏమీ చేతకాదు. ఏం తినాలో పెద్దవాటిని చూసి నేర్చుకుంటుంది. తోటి పిల్లలతో కుస్తీ పడుతూ, వెంటపడి పరిగెడుతూ గుంపులో ఎలా మెలగాలో తెలుసుకుంటుంది. అది పెద్దదవడానికి ఏళ్లు పడుతుంది.

మన పిల్లలు ఈ రెండో వైపు వాళ్లు. కానీ ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు, ట్యూషన్, ఆదివారం టెస్టు అంటూ మనం దసలి పురుగు లెక్క వేస్తున్నాం. ఇప్పుడే అంతా తినిపించేస్తే తర్వాత వాళ్లే ఎగురుతారని ఆశ. పురుగుకు ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే దాని పని ఎప్పటికీ మారదు. మన పిల్లలు ఇరవై ఏళ్ల తర్వాత ఏ పని చేస్తారో మనకే తెలియదు. ఓడిపోయాక మళ్లీ ఆడటం, గొడవపడి కలిసిపోవడం, జట్టులో ఇంకొకరి మాట వినడం నేను వర్క్‌షీట్‌తో నేర్పలేను.

చదువు తగ్గించమని అనడం లేదు. బాలాపూర్ చుట్టుపక్కల ఖాళీ జాగాలు ప్లాట్లవుతున్నాయి. చాలామంది పిల్లలకు బడి గ్రౌండే మిగిలింది. ఆ పీరియడ్‌ను వాళ్లకే వదిలేయండి. వీలైతే సాయంత్రం ట్యూషన్‌కు ముందు ఓ అరగంట గల్లీ పిల్లలతో ఆడుకోనివ్వండి.