మా ముసలిపిల్లి

పండ్రెండేండ్ల క్రిందట, నేను కాపురమునకు వచ్చిన సంవత్సరముననే, కాలువలోబడి యఱచుచున్న పిల్లికూన నొకదానిని మావారు కండువాలో జుట్టి తెచ్చిరి. అదియే యిప్పటి మా ముసలిపిల్లి.

ఈ వేసవిలో నది మాటిమాటికి నీరు త్రాగుచు జిక్కిపోవుచుండెను. ఎండవేడిమి యనుకొని రెండు మాసము లూరకుంటిని. తప్పు నాదే. పిదప నొడలు వెచ్చగా దోచి, పిల్లల కిచ్చు పారాసిటమాల్ మాత్ర నలుసంత వేయబోగా, "తెలియని వైద్యమేల?" యని మావారు వారించిరి.

బుట్టలో బెట్టుకొని పశువుల ఆసుపత్రికి బోయితిమి. గేదెల నడుమ పిల్లిని జూచి నవ్వినవారును గలరు. వైద్యులు నవ్వలేదు. తూచి, నెత్తురు పరీక్షింపించిరి. ముసలిపిల్లులకు మూత్రపిండములు చెడుట సాధారణమట. దప్పి హెచ్చుట, చిక్కుట దాని గుఱుతులు. అవి పైకి గనబడునప్పటికే వాని శక్తి చాలవఱకు తఱిగియుండునట. మాత్ర మాట విని వారదిరిపడిరి. ఆ మందును హరింపజేసికొను శక్తి పిల్లి కాలేయమునకు లేదట. ఒక్క మాత్రయే ప్రాణము తీయవచ్చునట! నా చేయి యిప్పటికిని వణకుచున్నది.

రోగము కుదురునది కాదు. నీరు సమృద్ధిగా నుండవలెను, తగిన తిండి పెట్టవలెను, అప్పుడప్పుడు పరీక్ష చేయింపవలెను. గదిగదికి నీటిగిన్నెలు పెట్టితిని. అది మాత్రము మావారి చెంబులోని నీరే త్రాగుచున్నది.