బొంత కుట్టు చేతికి బుద్ధి లేదా?

మన భాషలో దేనినైనను తూలనాడవలె నన్నచో 'అతుకుల బొంత' యనుట పరిపాటి. పొత్తు కుదరని మంత్రివర్గము అతుకుల బొంత. పొంతన లేని గ్రంథము అతుకుల బొంత. ఈ మాట నాడు పెద్దమనుష్యులలో, బొంత కుట్టుచుండగా కూర్చుండి చూచినవా రెందఱుందురో సందేహమే. చూచినవారు ఆ యుపమానమును వాడజాలరు. చిరిగిన చీరలు, నలిగిన పంచెలు, పొట్టియైన పరికిణీలు ముందు వేసికొని, నేత బలమున్న చోటును లేని చోటును వ్రేళ్లతో తడవి కనుగొని, నీరసించిన గుడ్డను లోపలి పొరలయందును గట్టిదానిని పైపొరయందును పఱచి, నాలుగంచులు కలిపి, అంచునుండి నడిమికి వరుసవెంట వరుసగా కుట్టుకొని వచ్చినగాని బొంత నిలువదు. ఏ ముక్క యెచ్చట నుండవలెనో తెలియనివాని చేతిలో అది రెండవ ఉదుకునకే విడిపోవును. కాబట్టి బొంత యనునది పొంతనకే మాఱుపేరు.

సంస్కృతమున కంథ యన్నను తెనుగున బొంత యన్నను వస్తు వొక్కటియే. వంగదేశపు కాంథా, మహారాష్ట్రుల గోధడి, కన్నడిగుల కౌది, బీహారు సుజని దీని యక్కచెల్లెండ్రు. ఇంతకాలము అటకలమీదను పురిటిగదులలోను దాగియున్న యీ వస్తువు నేడు అంగడి కెక్కినది. ప్రాత నమూనాతో కుట్టిన ఆధునిక బొంత యని చీటి తగిలించి పట్టణములలో మంచి వెలకు అమ్ముచున్నారు. ఇందుకు విచారింప బనిలేదు. దారిద్ర్యచిహ్నమని దాచుకొన్నదానిని ముంగిట పఱచుకొనుట మేలే.

నా యాక్షేపణ వేఱు. ఈ క్రొత్త బొంతల తయారీలో నమూనా నొకరు గీయుదురు; కుట్టువారు వేఱొకరు. గుడ్డ యెంచుట, రంగులు కూర్చుట, ముక్కల కొలత, కుట్టుకును కుట్టుకును నడిమి యెడము, సమస్తమును కాగితముపై వచ్చును. కుట్టు స్త్రీకి మిగిలినది సూది మాత్రమే. ఎఱ్ఱముక్క నొకదానిని ఆమె తనకు తోచి ప్రక్కకు జరిపెనా, అది తప్పు, బొంత తిరిగివచ్చును. దీనిని సంప్రదాయ పునరుద్ధరణ మని పిలుచుచున్నారు! ప్రాత నమూనానుండి క్రొత్త బొంత పుట్టవలెనన్న, కుట్టు చేతికే నిర్ణయాధికార ముండవలెను. అది లేనిచో పుట్టునది ప్రాత బొంత యొక్క ఛాయాపటము మాత్రమే.

నమూనా యననేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొన్న సగము వివాదము తీఱును. అమెరికా దేశమున 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి మిక్కిలి ప్రచారమునందున్న 'లాగ్ క్యాబిన్' అను నమూనాను చూడుడు. దుంగల యిల్లని దాని యర్థము. నడుమ నొక చిన్న చతురపు గుడ్డ. దాని చుట్టును, గోడకు దుంగలు పేర్చినట్లు, సన్నని పీలికలు ఒకదాని వెంట నొకటి చేర్చుచు పోవుదురు. ఒక మూలను కలియు రెండు ప్రక్కల లేతరంగులు, ఎదుటి రెండు ప్రక్కల ముదురురంగులు. సూత్ర మింతియే. కాని యిట్టి గడులను ఒక తీరున పేర్చినచో దున్నిన చేనివలె ఏటవాలు చాళ్లు కనబడును. మఱియొక తీరున పేర్చినచో నడిమినుండి వెలికి విరియు వజ్రాకారములు కనబడును. మొదటిదానికి నాగటిచాలు అనియు రెండవదానికి కొట్టము నెత్తుట యనియు అర్థము వచ్చు పేళ్లు పెట్టికొనిరి. గడి యొక్కటే, బొంతలు వేఱు. ముగ్గు వేయు మన యాడువారి కిది వింత కాదు. చుక్కలు పెట్టు వరుస తల్లి నేర్పును. గీత త్రిప్పునది కూతురు. నమూనా యనగా తరమునుండి తరమునకు అందివచ్చు నియమము. ఆ నియమమునకు లోబడి యేమి చేయవలెనో ప్రతి తరమును తానే తేల్చుకొనును.

ఇంత దూరము పోనక్కఱలేదు. మన ప్రక్కనే కర్ణాటకమున, ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతియగు సిద్దీలు కలరు. వారి స్త్రీలు కుట్టు 'కవంది' అను బొంతకు ముందుగా గీసికొన్న చిత్తరువు లేదు. ఒక మూలను ప్రారంభించి, అంచుల వెంబడి ముక్కలు చేర్చుచు లోపలికి సాగి, నడుమ ముగింతురు. మూలలయందు ముక్కోణముగా మడిచిన గుడ్డలను పువ్వులని పిలుతురు, వానిని మానరు. మూలనున్న పువ్వు సంప్రదాయము. నడిమి మైదానము కుట్టునామె సొంతము. ఆ రెంటిలో దేనిని తీసివేసినను కవంది కాదు.

అమెరికాలో 2009లో ఆధునిక క్విల్టు కుట్టువారి సంఘ మొకటి యేర్పడినది. వారు ప్రాత నమూనాలను క్రొత్తచేయు తెఱగులు గమనింపదగినవి: ఒక్క గడినే బొంతయంత పెంచుట, పూల అద్దకము మాని యేకవర్ణపు గుడ్డలు వాడుట, గడుల నన్నిటిని ఒక ప్రక్కకు నెట్టి మిగిలిన మేరను ఖాళీగా విడుచుట, వరుసలో ఒక గడిని కావలెననియే తప్పించుట. ఇవి చేయువారెవరు? గుడ్డ కత్తిరించి కుట్టువారే. యోచనయు సూదియు ఒక్క చేతిలో నున్నవి. మనవారు ఆ ఫలమును చూచి యాసపడుచు, దాని వేరును నఱకుచున్నారు.

ఈ వాదమునకు లోకానుభవమున గొప్ప సాక్ష్యము కలదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, నది వంపులో, 'జీస్ బెండ్' అను పల్లె యున్నది. ప్రత్తితోటలలో బానిసలుగా బ్రదికిన నల్లవారి సంతతి యందు నివసించుచున్నది. చిరిగిన పనిదుస్తులతోను సంచిగుడ్డలతోను ఆ స్త్రీలు చలికి కప్పుకొను బొంతలు కుట్టుకొనెడివారు. 'హౌస్‌టాప్', అనగా ఇంటికప్పు, వారికి ప్రియమైన నమూనా. లాగ్ క్యాబిన్ వలెనే చతురములో చతురము. పౌరహక్కుల ఉద్యమకాలమున, 1966లో, ఆ ప్రాంతమున 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అను సహకార సంఘము వెలసెను. పెద్ద దుకాణములనుండి పని రాజొచ్చెను. దుకాణములు కోరినవి కొలత తప్పక, ఒకదాని నొకటి పోలిన సరకులు. స్త్రీలు వానిని కుట్టి యిచ్చిరి. చేతికి సొమ్ము వచ్చెను. ఆ మేలును తక్కువ చేసి చెప్పుట అన్యాయము. 1970 తరువాతి సంవత్సరములలో సియర్స్ అను వర్తక సంస్థకు కార్డురాయ్ గుడ్డతో దిండుగలేబులు కుట్టిరి. మిగిలిన తుండ్లతో తమ యిండ్లకు తమ యిచ్చవచ్చినట్లు బొంతలు కుట్టుకొనిరి.

2002లో హ్యూస్టన్ నగరపు లలితకళా ప్రదర్శనశాలలోను, పిదప న్యూయార్కునందలి విట్నీ ప్రదర్శనశాలలోను ఆ పల్లె బొంతలు గోడల కెక్కెను. 2006లో పది బొంతల చిత్రములు తపాలాబిళ్లలపై వెలువడెను. లోకము ముక్కున వ్రేలుంచుకొని చూచిన యా వస్తువులలో దుకాణపు కొలతకు కుట్టిన దిండుగలేబులు లేవు. మిగిలిన కార్డురాయ్ తుండ్లతో కుట్టుకొన్న బొంతలు కలవు. చేయి యదే, సూది యదే, గుడ్డయు నదే. మాఱినది నిర్ణయించు మనిషి మాత్రమే.

కీర్తి వచ్చినంతనే న్యాయము వచ్చునని భ్రమపడరాదు. 1971లో అదే విట్నీ ప్రదర్శనశాలలో అమెరికా బొంతలను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసి మెచ్చుకొనిరి. కాని వానిలో పెక్కింటికి కుట్టినవారి పేరే లేదు. జీస్ బెండ్ స్త్రీలలో కొందఱు 2007లో తమకు రావలసిన ప్రతిఫలమునకై న్యాయస్థానమున కెక్కవలసివచ్చినది. మఱుచటి సంవత్సరము ఆ వ్యవహారము పరిష్కారమయ్యెను. బొంత కుట్టుటను చేతిపని యని మాత్రమే యెంచినంతకాలము కూలి యిచ్చి చేతులు దులుపుకొనవచ్చును. దానిని బుద్ధి చేసిన పని యని యొప్పుకొన్న మఱుక్షణము, ఆ బుద్ధికి పేరును వెలయును ఈయవలసివచ్చును. మన వర్తకులు నమూనా కాగితమును తమ చేత నుంచుకొనుటకు మూలకారణ మిదియే యని నా యభిప్రాయము.

ప్రతివాదుల మాట వినుదము. కొలత లేనిదే వర్తకము సాగదందురు. పొడవు వెడల్పులు చెప్పుడు. రంగు దిగని గుడ్డ, విడిపోని కుట్టు కావలెనని చెప్పుడు. అది కొనువాని హక్కు. ఆ కొలతలోపల రంగెక్కడ నుండవలెనో చెప్పుట కుట్టునామె హక్కు. నూఱు బొంతలును అచ్చుగ్రుద్దినట్లుండవలెనన్న అచ్చుయంత్రము లున్నవి. అతుకులు లేని గుడ్డపై అతుకుల బొమ్మ నద్దు వింతయు నున్నది. అందుకు మనుష్యురాలి వ్రేళ్లేల పొడిపించుట?

చదువురాని స్త్రీలకు రంగుల పొందిక తెలియదని కొందఱందురు. ఆ పొందిక తెలియనిదే వీరు కాపీ చేయు ప్రాత నమూనా లెట్లు పుట్టెను? అమ్మమ్మ తీర్పును కళయని కొనియాడుచు, మనుమరాలి తీర్పును తప్పని త్రోసిపుచ్చుట యే న్యాయము?

మార్చినచో సంప్రదాయము చెడునని మఱికొందఱు. ఏ తరము బొంత ముందుతరము బొంతవలె నున్నది? చేనేత చీర పోయి మిల్లు చీర వచ్చినప్పుడు పొరల లెక్క మాఱినది. నేడు పాలిస్టరు చీరలు వచ్చినవి. అవి చెమట పీల్చవు, పొరలు జాఱును. వానిని విడిచి మెత్తని నూలును ఏఱుకొనుటయో, పైకి పాలిస్టరు వేసి ఒంటికి తగులు ప్రక్క నూలు పొర యుంచుటయో కుట్టునామెయే తేల్చుకొనుచున్నది. సంప్రదాయమును బ్రదికించుచున్నది ఆమె చేయు మార్పే.

సంస్కారప్రియులగు గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. బొంత కొనునపుడు వెల యడుగుటకు ముందు, రంగులు కూర్చిన దెవరని అడుగుడు. కుట్టిన యామె పేరు మూలను దారముతో కుట్టించుడు. వీథిలో బొంతలు కుట్టెదమని వచ్చు స్త్రీకి కుట్టుకూలితోపాటు కూర్పునకు వేఱుగా వెల కట్టుడు. ప్రాతగుడ్డలు ముందుంచి మీరు ప్రక్కకు తప్పుకొనుడు. ఇంట ఆడపిల్లకు బొంత నేర్పునపుడు గీసిన చిత్తరువు నకలుతీయుమని యీయవలదు. నియమ మొకటి చెప్పి, పీలికల మూట యొకటి యిచ్చి, ఆమె కూర్చినది మీకు నచ్చకున్నను విప్పింపకుడు. తన కన్నును తానే నమ్ముకొనుట ఆమె కచ్చటనే యలవడును. బొంతలో ఏ ముక్క యెక్కడ నుండవలెనో చెప్పనీయని యిల్లు, రేపు ఆమె బ్రదుకులో ఏ నిర్ణయమును ఆమెకు విడిచిపెట్టును?

అతుకు వేయుట సిగ్గుచేటు కాదు. అతుకెక్కడ వేయవలెనో నిర్ణయించు హక్కును అతుకు వేయు చేతినుండి లాగికొనుటయే సిగ్గుచేటు.