విదుషీమణులును బహిరంగ జీవితమును

మన పాఠశాల వార్షికోత్సవమున ప్రతి సంవత్సరమును ఒక దృశ్యము మాకు కనబడుచున్నది. ప్రార్థనగీతము పాడువారు బాలికలు. అతిథులకు పూలదండలు వేయువారు బాలికలు. పరీక్షలలో ప్రథములుగా నిలిచి బహుమానము లందుకొనువారిలో పలువురు బాలికలే. కాని వేదిక మీద నిలిచి ఒక విషయమును గూర్చి తన యభిప్రాయమును చెప్పి, ఎదుటివాని వాదమునకు సమాధానము చెప్పువారెవరని చూచినచో, వారు మాత్రము ఇంచుమించుగా అందఱును బాలురే. బుద్ధియందు లేని భేదము వేదిక యెక్కునప్పటికి ఎక్కడనుండి వచ్చినదని మేము చాలకాలముగా ఆలోచించుచున్నాము.

ఆడుపిల్ల చదువుకొనవలెనని నేడు మన ప్రాంతమున ఒప్పుకొననివారు అరుదు. ఆ వివాదము ముగిసినది. ముగియనిది మఱియొకటి కలదు. చదువుకొనిన స్త్రీ ఆ చదువును ఇంటిలోను, ఉద్యోగములోను మాత్రమే వినియోగింపవలెనా, లేక ఊరి మంచిచెడ్డలను గూర్చియు దేశపు చట్టములను గూర్చియు నలుగురిలో నోరు విప్పి మాటాడవలెనా? విప్పవలెననియే మా యభిప్రాయము. అందులకు కారణములను ఇచట విన్నవించుకొనుచున్నాము.

ముందుగా మన విజయనగరమునుండియే ఆరంభింతము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897 లో అచ్చయినది. ఆ మొదటి కూర్పునకు ఆయన ఇంగ్లీషున వ్రాసిన పీఠికలో, ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో తయారు చేయించిన యొక పట్టిక ప్రసక్తి కలదు. శుల్కము పుచ్చుకొని బ్రాహ్మణ కుటుంబములలో జరిపిన వివాహములు మూడేండ్లలో 1,034 లెక్కకు వచ్చినవట. వధువులలో 99 మంది అయిదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆరుగురు రెండేండ్లవారు, ముగ్గురు ఒక యేడాది శిశువులు. ఈ లెక్క తీయించుట గొప్ప పని. దానిని ఆధారము చేసికొని నాటకము వ్రాయుట అంతకన్న గొప్ప పని. అయినను ఒక్క సంగతి గమనింపుడు. ఆ బాలికలను లెక్కించినవారు పురుషులు. వారి దుఃఖమును వ్రాసినవారు పురుషులు. చదివి చింతించినవారును మిక్కిలి వఱకు పురుషులే. లెక్కింపబడిన బాలికల మాట ఎవరికిని వినబడలేదు.

ఆ మాట వినబడుటకు ఎంతో కాలము పట్టలేదు. 1874 లో జన్మించిన భండారు అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. బాల్యముననే వివాహమైనది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ఆ ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చిన యా యిల్లాలు, 1901 లో అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగమును ప్రకటించిరి. చరిత్రలో ప్రసిద్ధలైన భారతస్త్రీలను గూర్చిన గ్రంథమది. పురాణస్త్రీలను, విదేశస్త్రీలను గూర్చియు వేర్వేరు భాగములు వ్రాయవలెనని ఆమె సంకల్పము. స్త్రీలు బుద్ధిహీనలనియు, చదువు వారిని చెఱచుననియు లోకులు వేయు నిందకు సాక్ష్యములతో సమాధానము చెప్పుటయే ఆమె ఉద్దేశము. ఒకరిపై కోపించి కాక, గ్రంథములు వెదకి, చరిత్రలు పోల్చి, వాదమును నిలిపిన పద్ధతి ఆమెది. 1902 లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కూడి బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. 1905 లో, ముప్పదియేండ్ల ప్రాయముననే, పరలోకగతు లైరి.

ఆమె కథ ఇంతటితో ముగియలేదు. తెలుగున మొదటి కథానిక యేదని అడిగినచో, 1910 లో వెలువడిన గురజాడవారి దిద్దుబాటు అని మేమును బాలురకు బోధించితిమి. అచ్చమాంబగారి ధనత్రయోదశి 1902 లోనే హిందూసుందరి పత్రికలో అచ్చయినదని పరిశోధకులు తరువాత చూపిరి. మొదటి కథ యేదన్న చర్చలో ఎవరి పక్షము నెగ్గినను, ఎనిమిదేండ్లు ముందు అచ్చయిన రచన ఇంతకాలము మన పాఠములలోనికి రాకపోవుట విచారకరము. స్త్రీ మాటాడలేదని అనుటకు ముందు, ఆమె మాటాడినది మనము విన్నామా యని ప్రశ్నించుకొనవలెను. దిద్దుబాటులోని కమలిని సైతము తన చదువుతోనే భర్తను దిద్దినది గదా! ఇంటిలో భర్తను దిద్దగల చదువు వీధిలో ఊరిని దిద్దరాదా?

దిద్దవచ్చునని చూపినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. 1909 లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. పెద్దదైన పిదప ఆ బంధమును ఆమె అంగీకరింపలేదు. కాకినాడలో బాలికగా నుండగనే స్త్రీలకు హిందీ నేర్పుటకు పాఠశాల నడపిరి. 1923 లో అచట కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ప్రదర్శనశాల ద్వారమున కాపుండి, టిక్కెట్టు లేదని జవాహరలాల్ నెహ్రూగారినే ఆపివేసిరి. ఉప్పు సత్యాగ్రహమున చెఱకు పోయి, అచట తోడి స్త్రీ ఖైదీల దుస్థితిని చూచి, న్యాయశాస్త్రము చదువ నిశ్చయించిరి. మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోవునప్పటికి స్త్రీలకు వసతిగృహము లేదు. తనవలె చదువ గోరు మఱికొందఱిని కూడగట్టి ఆ కొఱతను తీర్చుకొనిరి. 1937 లో మదరాసున ఆంధ్ర మహిళాసభ వెలసినది. రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలై, రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సును 35 నుండి 30 కి తగ్గింపవలెనని ప్రతిపాదించి గెలిచిరి. 1958 లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఎనిమిదేండ్లకు వివాహమైన బాలిక దేశపు శాసనములు వ్రాయువారి నడుమ కూర్చుండుటకు నడుమ నున్న సోపానములు రెండే: చదువు, ఆ చదువును నలుగురిలో పలుకు ధైర్యము.

ఇది మన దేశపు కొఱత మాత్రమే యని తలంపరాదు. విద్యకు పుట్టినిల్లని పేరుపొందిన ఫ్రాన్సు దేశమును చూడుడు. స్త్రీల హక్కులను ప్రకటించుచు 1791 లో గ్రంథము వ్రాసిన ఒలింప్ ద గూజ్‌ను 1793 లో శిరచ్ఛేదము చేసిరి. మదాం ద స్తాల్ వాక్కునకు వెఱచి నెపోలియను ఆమెను 1803 లో పారిసునుండి వెడలగొట్టెను. అప్పటికే ఒకసారి నోబెలు బహుమానము నందిన మరీ క్యూరీకి 1911 లో అచటి విజ్ఞాన పరిషత్తు సభ్యత్వము నిరాకరించెను. ఆ సంవత్సరముననే ఆమెకు రెండవ నోబెలు వచ్చెను. 1635 లో పుట్టిన ఫ్రెంచి సారస్వత పరిషత్తులోనికి మొదటి స్త్రీగా మార్గరీత్ యూర్సనార్ ఎన్నికయినది 1980 లో. ఆ దేశపు స్త్రీలకు ఓటు హక్కు 1944 లో గాని రాలేదు. ఆస్తి నియమమునకు లోబడి కొలదిమందికే యైనను, మన మదరాసు రాజధానిలో స్త్రీలకు 1921 లోనే ఓటు లభించినది. కాబట్టి స్త్రీ వాక్కును అణచుట ఒక మతమునకో, ఒక జాతికో చెందిన దోషము కాదు. దానిని తొలగించుటయు ఒక జాతి గుత్తసొమ్ము కాదు.

ఇక ఆక్షేపణలు. స్త్రీ సభలకు పోయినచో సంసారము చెడునని కొందఱందురు. మగవాడు సభలకు పోయినప్పుడు సంసారమును నిలుపుచున్నదెవరో వారే చెప్పవలెను. ఆ భారమును ఇద్దఱును పంచుకొన్నచో ఇద్దఱకును తీఱిక దొరకును. మా క్రైస్తవ సహోదరులలో కొందఱు, సంఘములో స్త్రీలు మౌనముగా నుండవలెనన్న అపొస్తలుని మాట నెత్తి చూపుదురు. ఆ పత్రికలోనే స్త్రీలు ప్రార్థించుటను, ప్రవచించుటను గూర్చిన మాటయు గలదని వారు మఱువరాదు. దెబోరా ఇశ్రాయేలీయులకు న్యాయము తీర్చినది. ప్రిస్కిల్ల భర్తతో కూడి అపొల్లోవంటి వాగ్మికి బోధించినది. శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరములలో సేవచేసిన కెనడా బాప్టిస్టు మిషను చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1870 లో హన్నా మరియ నోరిస్ అను ఉపాధ్యాయిని నోవా స్కోషియాలో ఊరూర తిరిగి స్త్రీల సహాయసంఘములు నెలకొల్పినది. స్త్రీలు నోరు విప్పనిచో ఆ సంఘములు పుట్టెడివి కావు.

విదుషి యనగా పట్టము పుచ్చుకొనిన స్త్రీ యని మాత్రమే అర్థము చేసికొనరాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మగారును తోడి స్త్రీలును అక్షరాస్యత తరగతులలో సారాయి వలన కుటుంబములకు కలుగు చేటును గూర్చి చదివి, చర్చించి, అంగడి మూయించుటకు నడుము కట్టిరి. 1992 నాటికి ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపించి, 1993 లో ప్రభుత్వము సారాయిని నిషేధించినది. పాఠములోని వాక్యమునకును తన బ్రదుకునకును గల సంబంధమును చూచి, చూచిన దానిని పదుగురికి చెప్పుటయే విద్వత్తు. పలాసలో జీడిపిక్కలు ఒలుచు తల్లికిని అది సాధ్యమే.

ఇతరులకు చెప్పబోవుటకు ముందు మా తప్పును చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట మా తరగతిలోని యొక బాలిక తమ ఊరి త్రాగునీటిని గూర్చి చక్కని వ్యాసము వ్రాసినది. ఏ వీధిలో కుళాయి యున్నదో, ఏ వీధిలో లేదో, ఎందుచేత లేదో విచారించి వ్రాసినది. పెద్దలు వచ్చు సభలో ఆడుపిల్ల అట్టి సంగతి చదివినచో నలుగురును ఏమందురోయని మేము సంకోచించి, ఆ వ్యాసమును ఒక బాలునిచే చదివించితిమి. అందఱును చప్పట్లు చఱచిరి. బాలిక వెనుక వరుసలో కూర్చుండి వినుచుండెను. ఆమె మమ్ము ఏమియు అడుగలేదు. ఆ మరుసటి యేడు చదువు మాని వెడలిపోయినది. మేము ఆ దినమున వేఱు విధముగా చేసియున్నచో ఆమె చదువు నిలిచెడిదో లేదో చెప్పజాలము. కాని ఆమె వాక్కును ఆమె చేతినుండి తీసికొన్నవారము మేమేనన్న మాట నిజము.

1992 నాటి రాజ్యాంగ సవరణ వలన పంచాయతీలలో మూడవ వంతు స్థానములు స్త్రీలకు వచ్చినవి. తరువాత మన రాష్ట్రమున ఆ వంతు సగమునకు పెంచిరి. అయినను సర్పంచి పేరు భార్యదై, కుర్చీలో కూర్చుండువాడు భర్తయగుట పలుచోట్ల చూచుచునే యున్నాము. చట్టము కుర్చీని ఈయగలదు. కూర్చుండి మాటాడు నలవాటును ఈయజాలదు. ఆ యలవాటు బాల్యముననే, బడియందే అబ్బవలెను.

కావున మా విన్నపములు మూడు. మన పాఠశాల చర్చాసంఘమునకు ఒక యేడు బాలుడు, ఒక యేడు బాలిక కార్యదర్శిగా నుండవలెను. బాలికలకు వంట, శుభ్రత, అల్లికలను గూర్చిన విషయములే కాక నీరు, పన్ను, భూమి, చట్టము అను విషయములును ఈయవలెను. తలిదండ్రుల సమావేశమున ముందుగా తల్లులను మాటాడ నిచ్చి, తరువాత తండ్రులు మాటాడవలెను. ఇందుకు నిధులు అక్కఱలేదు; ఎవరి యనుమతియు అక్కఱలేదు; మన మనస్సు చాలును.

బాలికలారా! మీరు వ్రాసినదానిని మీరే చదువుడు. తప్పులు దొరలినను వెఱవకుడు, దిద్దుకొనవచ్చును. రాబోవు వార్షికోత్సవమున మీ వ్యాసమును మఱియొకరి చేతికి ఈయమని మేమడిగినచో, ఈయమని చెప్పుడు. ఆ మాటను వినుటకు మేము సిద్ధముగా నున్నాము.