యాత్రికుల రాకపై ఆధారపడిన పట్టణం: పుట్టపర్తి అనుభవం, స్వయం సమృద్ధికి మార్గం

(ప్రత్యేక వ్యాసం)

2025 నవంబరు మాసంలో పుట్టపర్తి పట్టణం శ్రీ సత్యసాయి బాబా శత జయంతి ఉత్సవాలతో కళకళలాడింది. 19వ తేదీన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ, 22వ తేదీన రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము పట్టణానికి విచ్చేశారు. దేశ విదేశాల నుంచి భక్తులు తరలివచ్చారు. ఆ రోజులలో లాడ్జీలు, హోటళ్లు, ఆటోలు, పూల అంగళ్లు నడుపుకొనే వారికి చేతినిండా పని దొరికింది. అయితే ఉత్సవాల పందిళ్లు విప్పిన మరునాటి నుంచి ఆ కుటుంబాల జీవనం ఎలా సాగుతుందన్నది, ఉత్సవ నిర్వహణతో సమానంగా ఆలోచించవలసిన విషయం. కేవలం యాత్రికుల రాకపై ఆధారపడిన చిన్న పట్టణం తన కాళ్లపై తాను నిలబడటానికి ఏమి చేయవలసి ఉన్నదో పుట్టపర్తి అనుభవం స్పష్టంగా తెలియజేస్తున్నది.

కరవు సీమలో యాత్రాస్థలం

దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షపాతం పొందే జిల్లాగా ఉమ్మడి అనంతపురం జిల్లాకు పేరు. ఆ జిల్లాలో చిత్రావతి నది ఒడ్డున ఉన్న చిన్న గ్రామం పుట్టపర్తి. నదిలో నీరు పారే రోజుల కన్నా ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. వర్షాధారపు వేరుశనగ సాగు తప్ప చెప్పుకోదగిన జీవనాధారం లేని పల్లెలో 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం ప్రారంభమైంది. తరువాతి దశాబ్దాలలో ఆ పల్లె అంతర్జాతీయ యాత్రాస్థలంగా మారింది. 1981లో విశ్వవిద్యాలయ స్థాయి విద్యాసంస్థ, 1990లో విమానాశ్రయం, 1991లో ఉచిత వైద్యం అందించే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2000లో రైల్వే స్టేషన్ ఏర్పడ్డాయి. సత్యసాయి తాగునీటి పథకం ద్వారా ఉమ్మడి జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు రక్షిత నీరు అందింది.

ఈ అభివృద్ధి చిన్నది కాదు. అయితే దీనితోపాటు మరొక మార్పు కూడా చోటుచేసుకున్నది. చేను వదిలిన కుటుంబాలు గదులు అద్దెకు ఇవ్వడం, ఆటోలు, టాక్సీలు నడపడం, టెలిఫోన్ బూత్‌లు, ఉతికిన బట్టలకు ఇస్త్రీ, చిరుతిళ్ల అంగళ్లు వంటి పనులలో స్థిరపడ్డాయి. ఒకనాడు వాన కోసం ఆకాశం వైపు చూసిన ఊరు, యాత్రికుని కోసం రైలు దారి వైపు చూడటం నేర్చుకున్నది. రాబడి పెరిగింది, కానీ ఆ రాబడిని నిర్ణయించే శక్తి మునుపటి వలెనే ఊరివారి చేతిలో లేకపోయింది.

ముందే కనిపించిన సూచనలు

ఈ బలహీనతకు సూచనలు మంచి రోజులలోనే కనిపించాయి. వేసవిలో బాబా బెంగళూరు సమీపంలోని వైట్‌ఫీల్డ్‌లోనో, కొడైకెనాల్‌లోనో విడిది చేసేవారు. ఆయనతోపాటే యాత్రికుల ప్రవాహం అటు మళ్లేది. పుట్టపర్తిలో వ్యాపారం ఆ నెలలలో మందగించేది. నవంబరులో జన్మదినోత్సవం, దసరా, గురుపౌర్ణమి, క్రిస్మస్ రోజుల ఆదాయాన్ని వేసవికి దాచుకోవడం అక్కడి చిన్న వ్యాపారులకు అలవాటైన లెక్క. అయితే యాత్రికులు మళ్లీ వస్తారన్న నమ్మకంపైనే ఆ లెక్క నిలిచింది.

2011 ఏప్రిల్ 24న బాబా తన 85వ యేట పరమపదించారు. ఆ తరువాత విదేశీ యాత్రికుల రాక గణనీయంగా తగ్గింది. ఇళ్ల అద్దెలు, స్థలాల ధరలు పడిపోయాయి. నెలల తరబడి గదులు అద్దెకు తీసుకునే వారిని నమ్ముకుని అప్పు చేసి అంతస్తులు కట్టినవారు ఇబ్బందులపాలయ్యారు. పట్టణం క్రమేణా కోలుకుంటున్న దశలో 2020 మార్చిలో కోవిడ్ కట్టడి మూలంగా రైళ్లు నిలిచిపోయాయి. ఈ రెండు సంఘటనలకు కారణాలు వేరు. ఫలితం మాత్రం ఒక్కటే. రాబడికి ఒకే ద్వారం ఉన్న ఊరిలో ఆ ద్వారం మూతపడితే కూలీ మొదలు భవన యజమాని వరకు అందరూ ఒకేసారి నష్టపోతారు. ఒకరినొకరు ఆదుకొనే అవకాశం కూడా ఉండదు.

యాత్రికుని రూపాయి ఎక్కడికి పోతున్నది?

పర్యాటక ప్రగతిని వచ్చినవారి సంఖ్యతో కొలవడం పరిపాటి. పట్టణ ప్రజల దృష్టితో చూస్తే అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. యాత్రికుడు ఖర్చు చేసిన రూపాయిలో ఎంత భాగం ఆ ఊరిలో మిగులుతున్నది? హోటల్‌లో వడ్డించిన అన్నానికి బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు బయటి మార్కెట్ల నుంచి వస్తే, భవనాన్ని గుత్తకు తీసుకున్నవారు మరో ప్రాంతం వారైతే, కొనుక్కున్న జ్ఞాపిక మరో రాష్ట్రంలో తయారైనదైతే స్థానికునికి మిగిలేది రోజుకూలీ, కొంత అద్దె మాత్రమే.

ప్రశాంతి నిలయం పరిసర వీధులలో కాశ్మీరు శాలువలు, హస్తకళా వస్తువులు అమ్మే దుకాణాలు ఏళ్ల తరబడి నడిచాయి. దూరం నుంచి వచ్చి కష్టపడిన ఆ వ్యాపారులను తప్పుపట్టవలసిన పని లేదు. ఆలోచించవలసినది మరొకటి. దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ధర్మవరం పట్టు మగ్గాలు ఉన్నాయి. ధర్మవరం మండలంలోనే తోలుబొమ్మల కళకు నిలయమైన నిమ్మలకుంట ఉన్నది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్, చింతపండు వ్యాపారం ఉన్నాయి. ఇంత సంపద చుట్టూ ఉన్నా, యాత్రికుడు ఇంటికి తీసుకువెళ్లే సంచిలో ఈ నేల సరుకు ఏపాటి ఉన్నదన్నదే ప్రశ్న.

నిత్యం వచ్చేవారు, ఉత్సవాలకు వచ్చేవారు

2011 తరువాత కూడా పుట్టపర్తి పూర్తిగా కుంగిపోకుండా నిలబడటానికి గల కారణాలను గమనించడం అవసరం. ఉచిత వైద్యం కోసం ఆసుపత్రికి రోగులు, వారి సహాయకులు ఏడాది పొడవునా వస్తూనే ఉన్నారు. విద్యాసంస్థలలో విద్యార్థులు, అధ్యాపకులు ఉన్నారు. వీరు ఉత్సవాలకు వచ్చే యాత్రికుని వలె ఒక్కరోజులో ఎక్కువ ఖర్చు చేయరు. రోగికి తోడుగా వచ్చిన వ్యక్తి చవకైన గది, రెండు పూటల భోజనం, టీ, మందులు మాత్రమే కొంటాడు. అయినా ఆ చిన్న ఖర్చు ప్రతిరోజూ ఉంటుంది. పాలు పోసేవారికి, ఇడ్లీ బండి నడిపేవారికి, ఆటో డ్రైవర్‌కు ఇదే ఆసరా. వైభవం కోసం గాక సేవ కోసం నెలకొల్పిన సంస్థలే పట్టణ ఆర్థిక వ్యవస్థకు గట్టి పునాదిగా నిలిచాయన్నది ఈ అనుభవంలో గ్రహించదగిన ముఖ్యాంశం.

పొరుగు నుంచి నేర్చుకోదగినవి

నిమ్మలకుంట కళాకారుల జీవితం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. సినిమా రాకతో రాత్రివేళ తోలుబొమ్మలాటలకు ఆదరణ తగ్గింది. ఆటనే నమ్ముకుని ఉంటే ఆ కళ అంతరించి ఉండేది. కళాకారులు అదే తోలుపై, అదే రంగులతో దీపపు తొడుగులు, గోడకు తగిలించే చిత్రాలు చేయడం ప్రారంభించారు. కొనుగోలుదారు వారి ఊరికి రాకపోయినా, వారి పనితనం నగరాలలోని ప్రదర్శనలకు చేరింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గ్రామానికి చెందిన శ్రీ దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికయ్యారు.

తెలంగాణలోని భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ మగ్గం ముందు వచ్చింది. సందర్శకుడు తరువాత వచ్చాడు. సందర్శకుడు రాని నాడు కూడా పోచంపల్లి ఇక్కత్ చీరకు ఇతర నగరాలలో గిరాకీ ఉంటుంది. ఉత్పత్తి పునాదిగా ఉన్న ఊరికి పర్యాటకం అదనపు ఆదాయం. ఉత్పత్తి లేని ఊరికి అదే ఏకైక ఆధారం. ఈ రెండు స్థితుల మధ్య గల తేడాను పట్టణ ప్రణాళికలు రూపొందించేవారు దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

అయితే ఉత్పత్తి ఉన్నంత మాత్రాన సమస్యలు తీరవు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నప్పటికీ, ముడిపట్టు ధరల హెచ్చుతగ్గులు, మరమగ్గాలపై నేసిన అనుకరణ చీరల పోటీ నేతన్నను వేధిస్తూనే ఉన్నాయి. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాలపై నేయరాదని 1985 నాటి కేంద్ర చట్టం నిర్దేశించింది. కానీ దుకాణంలో చీర చేతబట్టుకున్న కొనుగోలుదారునికి ఏది చేనేత, ఏది కాదు అన్నది తెలియదు. చేనేత గుర్తు, సిల్క్ మార్క్ ఉన్న సరుకును నేరుగా నేతకారుల సంఘాల నుంచి యాత్రికునికి అందించగలిగితే ఇరువురికీ మేలు కలుగుతుంది.

జిల్లా కేంద్రం హోదా: అవకాశం, హెచ్చరిక

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు, ఉద్యోగులు, పనుల నిమిత్తం వచ్చే ప్రజలతో పట్టణానికి కొత్త కదలిక వచ్చింది. ఖాళీగా ఉన్న భవనాలకు ఉపయోగం కలిగింది. అయితే దీనిని సంపూర్ణ పరిష్కారంగా భావించరాదు. ఉద్యోగి అనంతపురంలోనో, ధర్మవరంలోనో కాపురముండి రోజూ వచ్చిపోతే పట్టణానికి దక్కేది మధ్యాహ్న భోజనం ఖర్చు మాత్రమే. మంచి పాఠశాలలు, నిరంతర తాగునీరు, అందుబాటులో అద్దె ఇళ్లు ఉన్నప్పుడే ఆ జీతం ఇక్కడి వీధులలో ఖర్చవుతుంది. అదీగాక, కార్యాలయాలపై పూర్తిగా ఆధారపడటం కూడా ఏకైక ఆధారమే.

జిల్లాలో పరిశ్రమలు కూడా విస్తరిస్తున్నాయి. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. పాలసముద్రం వద్ద కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ 2024 జనవరిలో ప్రారంభమైంది. పుట్టపర్తి యువకునికి ఇవి అందుబాటులోకి రావాలంటే ఐటీఐ, డిప్లొమా స్థాయి శిక్షణ, ఉదయం వేళకు చేర్చే బస్సు సౌకర్యం అవసరం. కర్మాగారం దగ్గరలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం దగ్గరకు రాదు.

చేపట్టవలసిన చర్యలు

రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా కల్పించింది. పరిశ్రమగా భావించినప్పుడు దాని లాభనష్టాలను కూడా పరిశ్రమ వలెనే లెక్కించవలసి ఉంటుంది. ఈ దిశగా పుట్టపర్తికి కింది చర్యలు ఉపకరిస్తాయి.

మొదటిది, వచ్చినవారి సంఖ్యతోపాటు వారు బస చేసిన రాత్రుల సంఖ్యను నమోదు చేయాలి. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది, తళ్లికోట యుద్ధానంతరం విజయనగర రాజధానిగా నిలిచిన పెనుకొండ, కదిరి నరసింహస్వామి ఆలయం, ప్రపంచ రికార్డుకెక్కిన తిమ్మమ్మ మర్రిమాను అన్నీ ఈ జిల్లాలోనే ఉన్నాయి. బెంగళూరు నుంచి కారులో వచ్చి సాయంత్రానికి మరలిపోయే సందర్శకుడు ఒక్క రాత్రి అదనంగా ఆగితే, ఆ ఖర్చు గదులు నడిపేవారికి, భోజనశాలలకు, వాహన చోదకులకు చేరుతుంది.

రెండవది, హోటళ్లు, వసతి గృహాలు, ఆసుపత్రి పరిసర భోజనశాలలకు కావలసిన పాలు, కూరగాయలు, వేరుశనగ చిక్కీలు, పచ్చళ్లు, కారప్పొడులను పరిసర గ్రామాల రైతులు, డ్వాక్రా మహిళా సంఘాల నుంచి కొనుగోలు చేసే ఏర్పాటు కావాలి. దీనికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. నాణ్యత, తూకం, సకాలంలో చెల్లింపు విషయంలో ఇరువర్గాల మధ్య ఒప్పందం చాలు.

మూడవది, పుట్టపర్తిలో విక్రయమయ్యే జిల్లా ఉత్పత్తులకు ఊరు బయట కూడా మార్కెట్ కల్పించాలి. యాత్రికుడు ఒకసారి కొన్న చీరను, తోలుబొమ్మ దీపాన్ని ఇంటికి వెళ్లిన తరువాత మళ్లీ తెప్పించుకునే వీలుండాలి. అప్పుడు యాత్ర ఒక్కసారి జరిగినా అమ్మకం ఆగదు.

నాల్గవది, ఉత్సవ మాసాల ఆదాయంలో కొంత భాగాన్ని మందకొడి నెలలకు నిల్వచేసే అలవాటును పురపాలక సంఘం, పొదుపు సంఘాలు ప్రోత్సహించాలి. అప్పు చేసి మరొక అంతస్తు కట్టడానికి ముందు, గదులు నిండని సంవత్సరంలో వాయిదా ఎలా చెల్లించగలమన్నది ప్రతి కుటుంబం ఆలోచించుకోవాలి. 2011 నేర్పిన పాఠం ఇదే.

యాత్రికుని గౌరవించడం, ఆదరించడం మన సంప్రదాయం. పుట్టపర్తి ఆ సంప్రదాయాన్ని విడనాడనవసరం లేదు. యాత్రికుల రాబడి పక్కన మగ్గం, పొలం, పాడి, ఆసుపత్రి, విద్యాలయం, కర్మాగారపు జీతం కూడా చేరితే, ఒకటి తగ్గిన నాడు మరొకటి ఇల్లు గడుపుతుంది. ఈ ప్రయత్నం ఫలించిందా లేదా అన్నది నవంబరు రద్దీని చూసి నిర్ణయించరాదు. వ్యాపారం మందగించే వేసవి నెలలలో బజారులో ఎన్ని దుకాణాలు తెరచి ఉన్నాయో, పని కోసం బెంగళూరు రైలు ఎక్కకుండా ఎన్ని కుటుంబాలు ఊరిలోనే నిలిచాయో చూసి నిర్ణయించవలసి ఉన్నది.