మూసకూ ఇంటిపేరు కావాలి

2021 శాసనసభ ఎన్నికల్లో రాజకీయ నాయకుడు ఎన్.రంగస్వామి పుదుచ్చేరి పట్నంలోని తట్టాంచావడి నుంచీ, గోదావరి ఒడ్డునున్న యానాం నుంచీ ఒకేసారి పోటీ చేశారు. తట్టాంచావడిలో గెలిచారు. యానాంలో స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ చేతిలో ఓడారు. ఆ రాజకీయం అలా ఉంచితే, ఇలాంటి స్థానాల మీద వికీపీడియాలో రాసేవారికి ఇంకో తలనొప్పి ఉంది. పుదుచ్చేరిలో ఎన్నిక జరిగే స్థానాలు 30. ముప్పై పేజీల అడుగునా ఒకే పట్టీ కావాలంటే ముప్పైసార్లు టైపు చేయాలా?

అక్కర్లేదు. అందుకే ‘మూస’ ఉంది. పట్టీని ఒక్కచోట రాసిపెట్టి, జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య దాని పేరు వేస్తే చాలు, వచ్చి కూర్చుంటుంది. అసలు మూసను దిద్దితే ముప్పై పేజీలూ మారతాయి. పేరుకు ముందు ‘సబ్‌స్ట్’ అని చేర్చి పిలిస్తే మాత్రం అందులోని సరుకు ఆ పేజీలో నకలుగా అతుక్కుపోతుంది. ఆ తర్వాత మూసను ఎంత దిద్దినా ఆ పేజీ ఉలకదు, పలకదు. కొత్త సభ్యుడికి పెట్టే స్వాగత సందేశానికి అది సరే. ఎన్నికలతో మారిపోయే ఎమ్మెల్యే పేరుకు అది దండగ.

ఒక్కచోట రాసిపెట్టినదాన్ని పేరుతో పిలిస్తే ఏది పలుకుతుందన్న గొడవ వెబ్ ప్రోగ్రామర్లకు పాతదే. 1995లో పుట్టిన కోల్డ్‌ఫ్యూజన్ అనే వెబ్ వేదికలో సొంతంగా రాసుకున్న ట్యాగును మూడు రకాలుగా పిలవొచ్చు. ‘సీఎఫ్ అండర్‌స్కోర్’ తగిలించి పిలవడం సులువు. కానీ అది ముందు పిలిచిన పేజీ ఉన్న ఫోల్డరులోనే వెతుకుతుంది, దొరక్కపోతేనే ఉమ్మడి ఫోల్డరుకు వెళ్తుంది. అదే పేరుతో పక్కన ఇంకో ఫైలుంటే అదే పలుకుతుంది. ఊళ్లో ఇద్దరు సుబ్బారావులున్నట్టు! సీఎఫ్‌మాడ్యూల్‌కు ఫైలు దారి చెప్పొచ్చు. సీఎఫ్‌ఇంపోర్ట్ అయితే ఫోల్డరు మొత్తానికీ ఒక ఇంటిపేరు పెడుతుంది. చివరిదే మేలు. రెండు అక్షరాలు ఎక్కువ కొట్టినా, ఎవరిని పిలిచారో చదివినవాడికి తెలుస్తుంది. ఇప్పటి హెచ్‌టీఎమ్ఎల్ కూడా సొంత ట్యాగు పేరులో హైఫన్ లేనిదే ఒప్పుకోదు.

వికీలో ఆ ఇంటిపేరు దానంతటదే పడుతుంది. యానాం పేజీలో జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ‘తట్టాంచావడి’ అని రాస్తే, ఆ పేరుతో మూస లేకపోతే ‘మూస:తట్టాంచావడి’ అని ఎర్రలింకు కనిపిస్తుంది. అదే పేరుకు ముందు ఒక్క కోలన్ పడిందా, ఆ పేరుతో ఉన్న వ్యాసం మొత్తం వచ్చి యానాం పేజీ మధ్యలో మకాం వేస్తుంది.