విమానం సరే, నడిపిందెవరు?

మనం సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే అది ‘ఆడవాళ్ళ సరదా’. మగవాళ్ళు పాత యుద్ధవిమానాల నమూనాలు చేసి అద్దాల బీరువాలో పేరిస్తే అది ‘చరిత్ర అధ్యయనం’! సరే, అలాగే కానివ్వండి. చరిత్రే అయితే నా ప్రశ్న ఒక్కదానికి జవాబు చెప్పాలి. ఆ విమానాలు నడిపిందెవరు?

ఆ పనిని నేను తేలిగ్గా చూడటం లేదు సుమండీ! రెజిన్ అనే చిక్కటి ద్రవం మీద అతినీలలోహిత కాంతి పడితే గట్టిపడుతుంది. కాగితంకన్నా పలచని పొరల మీద పొరలుగా యంత్రం విమానాన్ని తయారుచేస్తుంది. దాన్ని ఆల్కహాలులో కడిగి, మళ్ళీ కాంతిలో పెట్టి, సాపుచేసి రంగులు వేస్తారు. (గట్టిపడని రెజిన్ ఒంటికి పడదు. చేతులకు తొడుగులు ఉండాల్సిందే. మన వంటింటి సింకులో మాత్రం కడగనివ్వకండి!) అసలు విమానంలో డెబ్బయి రెండో వంతు బొమ్మలో కూడా రివెట్లు లెక్కపెడతారు. ఆకుపచ్చ రంగు పిసరంత ముదిరినా వాదులాటే.

రంగు మీద ఉన్న పట్టింపు మనిషి మీద ఉండొద్దూ?

సోవియట్ దేశపు పో-2 సంగతి చూడండి. మొదట్లో దాన్ని యు-2 అనేవారు. చెక్కా గుడ్డా కలిపి చేసిన శిక్షణ విమానం. వేగం గంటకు నూటయాభై కిలోమీటర్లు. రెక్కల పొడవు 11.4 మీటర్లు. నమూనా చేస్తే జానెడు కూడా ఉండదు. మరీనా రస్కోవా చొరవతో 1941లో ఏర్పడ్డ 588వ రాత్రి బాంబర్ల రెజిమెంటు ఈ విమానంతోనే 1942లో యుద్ధంలోకి దిగింది. పైలట్లు, నావిగేటర్లు, మెకానిక్కులు, బాంబులు తగిలించేవాళ్ళు అందరూ ఆడవాళ్ళే. చాలామందికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. ఒక్కో రాత్రి ఎన్నోసార్లు ఎగిరేవారు. లక్ష్యం దగ్గరపడ్డాక ఇంజను చప్పుడు తగ్గించి గాలిలో జారుకుంటూ వెళ్ళి బాంబులు వేసేవారు. 1944 దాకా పారాచూట్లు కూడా లేవు. యుద్ధం ముగిసేలోగా ఇరవైమూడు వేలకు పైగా దాడులు చేశారు. జర్మన్ సైనికులు వాళ్ళకు ‘రాత్రి మంత్రగత్తెలు’ అని పేరు పెట్టారు.

నేను చూసిన బీరువాల్లో స్పిట్‌ఫైర్లు, మెసర్‌ష్మిట్లు బారులు తీరి ఉన్నాయి. పో-2 ఒక్కటీ లేదు. “అది నత్తనడక విమానమండీ” అన్నాడొక పెద్దమనిషి. నత్తనడకతో ప్రాణాలకు తెగించడానికి ఇంకా ఎక్కువ గుండెధైర్యం కావాలి కదా! ఇంకొకాయన, “పెట్టెలో వచ్చే పైలటు బొమ్మ మగవాడిదే, మేమేం చేస్తాం?” అన్నాడు. ఉక్కు అచ్చుల రోజుల్లో ఆ మాట చెల్లేది. అచ్చుకు బోలెడు ఖర్చు, వేలకొద్దీ అమ్మితేగాని గిట్టదు. రెజిన్‌కు అచ్చు అక్కర్లేదు. కంప్యూటర్లో రూపం గీసుకుంటే ఒక్క బొమ్మయినా చేసుకోవచ్చు. ఇక సాకెక్కడిది?

మా పక్కింటి వదినగారు, “ఆ చంపుకునే విమానాలు ఇంట్లో ఎందుకమ్మా?” అంటారు. నిజమే. కానీ మనిషిని తీసేసి ఇనుమునే చూపిస్తేనే యుద్ధం ముచ్చటగా కనిపిస్తుంది. అందులో కూర్చున్న ఇరవై ఏళ్ళ పిల్లను తలుచుకుంటే అంత ముద్దొస్తుందా?

మన కొలువులో ఏ బొమ్మ గురించి అడిగినా కథ చెబుతాం. మీ ఇంట్లో ఎవరైనా అద్దాల బీరువా తెరిచి గొప్పలు మొదలుపెడితే, కాఫీ ఇచ్చే ముందు ఒక్కమాట అడగండి, “ఇది నడిపిందెవరండీ?” అని. జవాబు వచ్చాకే కాఫీ!